పాత గేమ్‌ను మళ్లీ ఆడుతున్నాం సరే, అందులో పాతది ఎంత?

ఆబ్లివియన్ 2006 నాటి గేమ్. 2025 ఏప్రిల్ 22న బెథెస్డా దానికి 'రీమాస్టర్డ్' అన్న తోక తగిలించి, ప్రకటించిన రోజే అమ్మకానికి పెట్టేసింది. రెండు రోజులు తిరిగేసరికి ఫ్రాన్స్‌లోని సాండ్‌ఫాల్ ఇంటరాక్టివ్ నుంచి ఎక్స్‌పెడిషన్ 33 వచ్చింది. కథ కొత్తదే, బొమ్మ కొత్తదే, కానీ వంతులేసుకుని కొట్టుకునే పద్ధతి మాత్రం 1980ల నాటి జపాన్ ఆర్పీజీలది (పాత్రల బలం పెంచుకుంటూ కథలో ముందుకెళ్లే గేమ్‌లు). ఆగస్టు 28న, 2004 నాటి స్నేక్ ఈటర్ మెటల్ గేర్ సాలిడ్ డెల్టాగా తిరిగొచ్చింది. సెప్టెంబర్ 4న హాలో నైట్: సిల్క్‌సాంగ్ విడుదలైనప్పుడు కొనేవాళ్ల తాకిడికి స్టీమ్ సహా ఆన్‌లైన్ స్టోర్లు కాసేపు మొరాయించాయి. అది పక్కకు నడుస్తూ గెంతే 2డి గేమ్.

ఇలా గేమింగ్ మీద మోజున్నవాళ్లు ఈమధ్య ఆడుతున్న వాటిలో పాత, కొత్తల గీత చెరిగిపోయింది. గందరగోళం ఎక్కడొస్తుందంటే పేర్ల దగ్గర. రీమాస్టర్, రీమేక్, డెఫినిటివ్ ఎడిషన్, హెచ్‌డీ, క్లాసిక్, పోర్ట్: ఈ మాటలకు అర్థం ఇదీ అని ఖాయం చేసే సంస్థ ఏదీ లేదు. ప్యాకింగ్ మీద ఏం రాయాలో కంపెనీ మార్కెటింగ్ విభాగం ఇష్టం. కొనేవాడికి తెలియాల్సింది పేరు కాదు, గేమ్‌లో ఏ పొర మారింది, ఏ పొర అలాగే ఉంది అన్నది.

(ఇక్కడ గేమింగ్ అంటే రమ్మీ యాప్‌లు కాదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు పెట్టి ఆడే వాటిని. కొనుక్కుని ఇంట్లో ఆడుకునే గేమ్‌లకు ఆ నిషేధంతో సంబంధం లేదు.)

నాలుగు పొరలు

అన్నిటికంటే లోపలిది లెక్కల పొర. మారియో ఎంత ఎత్తు గెంతుతాడు, శత్రువు ఎన్ని దెబ్బలకు చస్తాడు, తలుపు తీయాలంటే ఏ తాళంచెవి కావాలి అన్నవన్నీ అక్కడుంటాయి. దాని మీద కంటికి, చెవికి తెలిసే పొర: బొమ్మలు, సంగీతం, గొంతులు. ఆ తర్వాతది ఈ రెంటినీ నడిపే యంత్రం. చివరిది, చాలామంది లెక్కలోకి తీసుకోనిది, టీవీకీ బటన్‌కీ మధ్య ఉండే కాలం.

పోర్ట్ అంటే లెక్కలు, బొమ్మలు దాదాపు అలాగే ఉంచి వేరే యంత్రం మీదికి మార్చడం. రీమాస్టర్‌లో లెక్కలు అవే, బొమ్మకు, ధ్వనికి మెరుగు పెడతారు. 1957 నాటి మాయాబజార్‌కు రంగులద్ది, ధ్వనిని డీటీఎస్‌కు మార్చి 2010లో విడుదల చేసినట్టన్నమాట. నటన అదే, మాట అదే. రీమేక్‌లో లెక్కలు కూడా మళ్లీ రాస్తారు. ఎమ్యులేటర్‌లో గేమ్ జోలికే పోరు. పాత యంత్రం చేసే పనిని కొత్త యంత్రం మీద సాఫ్ట్‌వేర్ చేసి చూపిస్తుంది, గేమ్ మాత్రం తాను పాత యంత్రంలోనే ఉన్నాననుకుంటుంది.

నిర్వచనాలు ఇంతే. చిక్కు అంతా అసలు గేమ్‌లకు వీటిని అతికించబోయినప్పుడు మొదలవుతుంది.

రీమాస్టర్ అన్నది రీమేక్‌లా, రీమేక్ అన్నది రీమాస్టర్‌లా

2000 నాటి డయాబ్లో 2ను 2021లో 'రిసరెక్టెడ్'గా తెచ్చారు. కంప్యూటర్‌లో ఆడుతూ ఆడుతూ కీబోర్డు మీద జీ నొక్కితే కొత్త 3డి బొమ్మ మాయమై 2000 నాటి బొమ్మ ప్రత్యక్షమవుతుంది. పాత్ర ఉన్నచోటే ఉంటుంది, వేసిన దెబ్బ వేసినట్టే ఉంటుంది. లోపల నడిచేది పాత లెక్కలే కాబట్టి ఇది సాధ్యమైంది. ఆ లెక్కలు సెకనుకు 25 సార్లు జరుగుతాయి. మీ మానిటర్ సెకనుకు 144 ఫ్రేములు, అంటే 144 బొమ్మలు, చూపించినా, దెబ్బ తగిలిందా లేదా అన్నది తేలేది ఆ 25 సార్లలోనే. ఆయుధం వేగాన్ని ఇంకొంచెం పెంచినా ఒక్కోసారి తేడా కనబడకపోవడానికి కారణమిదే: పెరిగిన వేగం ఒక పూర్తి ఫ్రేమ్‌ను ఆదా చేసేంత వరకు లెక్కలోకి రాదు. రీమాస్టర్ అన్న మాటకు ఇంతకంటే నికార్సైన ఉదాహరణ దొరకదు.

ఆబ్లివియన్ సంగతి చూడండి. అక్కడ రెండు ఇంజిన్లు, అంటే గేమ్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్లు, కలిసి పనిచేస్తాయి. అడుగున 2006 నాటి ఇంజిన్ లెక్కలు చూస్తుంటే, పైన అన్‌రియల్ ఇంజిన్ 5 బొమ్మ గీస్తుంది. ఆ పై బరువు వల్ల డిస్కులో 100 జీబీకి పైగా చోటు కావాలి. అడుగు పాతదే కాబట్టి ఆ రోజుల్లో నవ్వించిన బగ్‌లు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. అయితే ఇది పూర్తిగా రీమాస్టర్ కూడా కాదు. లెవెల్ పెరిగే పద్ధతిని మార్చారు, పాతదాంట్లో లేని పరుగును కలిపారు. అంటే లెక్కల పొరను కూడా అక్కడక్కడా ముట్టుకున్నారు.

మెటల్ గేర్ సాలిడ్ డెల్టా దీనికి తలకిందులు. దాన్ని అందరూ రీమేక్ అంటారు. బొమ్మంతా అన్‌రియల్ 5లో కొత్తగా కట్టిందే. కానీ గొంతులు 2004లో రికార్డు చేసినవే, కాపలావాళ్లు ఎక్కడ నిలబడతారు, ఏ గది పక్కన ఏ గది అన్నవి దాదాపు పాతవే. లెక్కల పొర వరకు చూస్తే ఈ 'రీమేక్' ఆ 'రీమాస్టర్' కంటే మూలానికి దగ్గరగా ఉంది.

నిజమైన రీమేక్ ఎలా ఉంటుందో రెసిడెంట్ ఈవిల్ 4లో కనిపిస్తుంది. 2005 గేమ్‌లో తుపాకీ ఎత్తితే కాళ్లు ఆగిపోతాయి. నడుస్తూ కాల్చడం కుదరదు. 2023 రీమేక్‌లో నడుస్తూనే గురిపెట్టొచ్చు, మీదికొచ్చే దెబ్బను కత్తితో అడ్డుకోవచ్చు. ఆటగాడికి ఇన్ని వెసులుబాట్లు ఇచ్చాక శత్రువులు పాత వేగంతో వస్తే ఆట చప్పబడిపోతుంది. అందుకే వాళ్ల దూకుడు కూడా పెంచాల్సి వచ్చింది. ఒక లెక్క మారిస్తే పక్క లెక్కలన్నీ కదులుతాయి. కదలకుండా నిలబడి కాల్చాల్సిరావడంలోనే అసలు భయం ఉందనే పాత అభిమానులూ ఉన్నారు, ఆ బిగుతు 2005 నాటి పరిమితే తప్ప గొప్పేమీ కాదనేవాళ్లూ ఉన్నారు. రెండు గేమ్‌లూ ఇప్పటికీ కొనడానికి దొరుకుతున్నాయి కాబట్టి ఇద్దరికీ నష్టం లేదు. ఆ అదృష్టం ప్రతి గేమ్‌కూ పట్టలేదు.

పొగమంచు తీసేస్తే ఊరు చిన్నదైపోయింది

మన ఊళ్లలో నెట్ సెంటర్ల కాలం చూసినవాళ్లకు వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ పేర్లు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2001, 2002, 2004లలో వచ్చిన మూడు జీటీఏ గేమ్‌లను కలిపి 2021 నవంబర్‌లో 'డెఫినిటివ్ ఎడిషన్'గా విడుదల చేశారు. ఏం తప్పిందో పొరపొరగా విప్పి చూపించడానికి ఇంత మంచి కేసు మరొకటి లేదు.

పని అప్పగించింది గ్రోవ్ స్ట్రీట్ గేమ్స్‌కు. అంతకుముందు వేరే పేరుతో ఈ గేమ్‌ల మొబైల్ వెర్షన్లు చేసింది కూడా వాళ్లే. గోడల మీది బోర్డులు, పోస్టర్ల వంటి చిన్న చిన్న బొమ్మలను పెద్దవి చేయడానికి యంత్రానికి అప్పగించారు. యంత్రానికి అక్షరం తెలియదు, ఆకారమే తెలుసు. దాంతో కొన్ని దుకాణాల బోర్డుల మీద స్పెల్లింగులు తప్పులతడకలయ్యాయి. వాన తెల్లటి గీతల్లా మారి ముందు రోడ్డు కనబడకుండా చేసింది.

వీటికంటే ఆసక్తికరమైనది పొగమంచు. ఈ గేమ్‌లు మొదట వచ్చిన సోనీ ప్లేస్టేషన్ 2 (పీఎస్2)లో ప్రధాన మెమరీ 32 ఎంబీ. శాన్ ఆండ్రియాస్ మ్యాప్ మొత్తాన్ని ఒకేసారి అందులో పెట్టడం కుదరదు. అందుకని దూరాన్ని మసకమసకగా ఉంచారు. ఆ మసక వల్ల ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్తుంటే ఎంతో దూరం పోయినట్టుండేది. కొత్త యంత్రానికి ఆ పరిమితి లేదు కదా అని మసక తీసేశారు. కొండెక్కి చూస్తే మూడు నగరాలూ పక్కపక్కనే, అరచేతి మీద పెట్టినట్టు కనబడ్డాయి. యంత్రం పొరలో ఉన్న లోటును సరిచేయబోతే, దాన్ని ఆసరా చేసుకుని పైపొర కట్టిన భ్రమ కూలింది.

ఆపైన పాత వెర్షన్లను కొత్తదాని విడుదలకు ముందే స్టోర్ల నుంచి తీసేశారు. ఫలితం చూశాక జీటీఏ కంపెనీ రాక్‌స్టార్ క్షమాపణ చెప్పి, పీసీ పాత వెర్షన్లను మళ్లీ అందుబాటులో పెడతానంది. లైసెన్సు గడువులు తీరడంతో రేడియోలో కొన్ని పాటలు లేకుండా పోయాయి. 2024 నవంబర్‌లో పెద్ద అప్‌డేట్ వచ్చింది, పాత వెలుగునీడలను తెచ్చిపెట్టే 'క్లాసిక్ లైటింగ్' అందులో చేరింది. ఇప్పుడు కొనేవాళ్లకు దొరికేది ఆ మరమ్మతయిన వెర్షన్.

మరి పాత డిస్కు ఉన్నవాళ్ల మాటేంటి? వాళ్లకు వేరే తిప్పలు. 2000ల మొదట్లో ఎన్నో పీసీ గేమ్‌లు కాపీ కాకుండా సేఫ్‌డిస్క్ అనే రక్షణతో వచ్చేవి. దాని డ్రైవర్‌లో భద్రతా లోపాలున్నాయని విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ దాన్ని పూర్తిగా వదిలేసింది. కాబట్టి డబ్బిచ్చి కొన్న అసలు డిస్కు ఆడదు, ఆ రోజుల్లో రక్షణ తీసేసిన దొంగ కాపీ ఆడుతుంది. ఇంకా పాతవైతే, 1990ల నడుమ వచ్చినవి, గేమ్ 32 బిట్లదే అయినా ఇన్‌స్టాలర్ 16 బిట్లది కావడంతో 64 బిట్ విండోస్ మొదటి మెట్టు దగ్గరే ఆపేస్తుంది. శాన్ ఆండ్రియాస్ పాత పీసీ వెర్షన్ నడిచినా, మెనూలో ఫ్రేమ్ లిమిటర్‌ను (సెకనుకు ఇన్ని ఫ్రేములే అని హద్దు పెట్టేదాన్ని) ఆపేస్తే ఈత నెమ్మదించడం లాంటి వింతలు మొదలవుతాయి. అందులో కొన్ని కదలికలను కాలంతో కాక ఫ్రేములతో లెక్కగట్టారు. ఫ్రేములు పెరిగితే లెక్క తప్పుతుంది. లిమిటర్ ఆన్‌లో ఉంటే ఆ గొడవ ఉండదు.

మారియో గుంటలో ఎందుకు పడుతున్నాడు

"చిన్నప్పుడు కళ్లు మూసుకుని ఆడేవాణ్ని, ఇప్పుడు మొదటి గుంటలోనే పడుతున్నా" అనే మాట తరచూ వినబడుతుంది. వయసు మీదికి నెట్టేయడం తేలిక. కానీ లెక్క వేరే చెబుతుంది.

నింటెండో గేమ్ యంత్రం ఫామికామ్ 1983లో, దాని మీద ఆడే సూపర్ మారియో బ్రదర్స్ 1985లో జపాన్‌లో వచ్చాయి. మన దగ్గర 1990లలో వీధివీధికీ చేరినవి చాలావరకు ఆ ఫామికామ్‌కు నకళ్లు, వాటితో పాటు '9999999 ఇన్ 1' అని రాసున్న క్యాసెట్లు. (అందులో నిజంగా ఉండేవి కొన్ని గేమ్‌లే. మిగతావన్నీ అవే, వేరే లెవెల్ నుంచి మొదలయ్యేవి.) మారియో గేమ్ మొత్తం పరిమాణం 40 కిలోబైట్లు. వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో అంతకు ఎన్నో రెట్లుంటుంది.

ఆ యంత్రం సెకనుకు సుమారు 60 ఫ్రేములు పంపుతుంది. ఒక్కో ఫ్రేమ్ 16.67 మిల్లీసెకన్లు. పూర్తి పరుగులో ఉన్న మారియో ఒక్కో ఫ్రేమ్‌కు 2.5 పిక్సెళ్లు కదులుతాడు. నేల మీది ఒక్కో ఇటుక 16 పిక్సెళ్లు. పాత గాజు టీవీలో, అంటే సీఆర్‌టీలో, వచ్చిన సిగ్నల్ వచ్చినట్టే తెర మీద పడుతుంది. ఇప్పటి ఎల్‌ఈడీ టీవీ అలా కాదు. బొమ్మను పట్టుకుని, పెద్దది చేసి, రంగులు దిద్ది, నునుపు చేసి అప్పుడు చూపిస్తుంది. దానికి 100 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి. అది ఆరు ఫ్రేములు. ఆరింటిని 2.5తో హెచ్చిస్తే 15 పిక్సెళ్లు. మీకు గుంట అంచు కనబడేసరికి మారియో దాదాపు ఒక ఇటుక ముందుకు పోయి ఉంటాడు. తప్పు చేతిది కాదు. టీవీ సెట్టింగుల్లో ఉండే గేమ్ మోడ్ ఈ దిద్దుబాట్లలో ఎక్కువ వాటిని ఆపేస్తుంది. ఆలస్యం ఒకటి రెండు ఫ్రేములకు దిగుతుంది.

రెండో కారణం మన ప్రాంతానికి సంబంధించినది. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు బొమ్మ గీసేవి. మన దూరదర్శన్ కాలం నాటి పాల్ పద్ధతి టీవీలవి 50. పాల్‌కు తగ్గట్టు తయారైన నకలు యంత్రాల్లో, 60 కోసం రాసిన కోడే 50 మీద నడిచేది. అంటే ఆట ఆరో వంతు నెమ్మది. మూలంలో 30 సెకన్లలో అయ్యే పరుగు అక్కడ 36 సెకన్లు. అలాంటి యంత్రం మీద చేయి కుదిరినవాళ్లు ఇప్పుడు 60 మీద ఆడితే గేమ్ తరుముకొస్తున్నట్టుంటుంది. గుర్తున్న పాట కూడా హడావిడిగా వినబడుతుంది.

బాతుల్ని కాల్చే గన్ కథ ఇంకా విచిత్రం. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చతురస్రం వస్తుంది. గన్ కొసన ఉన్న కన్ను ఆ వెలుగును పట్టుకుంటే బాతు చచ్చినట్టు. ఆ కన్ను సీఆర్‌టీ వెలుగు మిణుకుకు, అంటే సెకనుకు దాదాపు 15,000 సార్లకు, ట్యూన్ చేసినది. ఎల్‌ఈడీ తెర వెలుగు అలా మిణకదు, పైగా చతురస్రం రావాల్సిన ఫ్రేమ్‌లో రాదు. కొత్త టీవీ మీద ఆ గన్ ఒక్క బాతును కూడా కొట్టలేదు, టీవీ ముందు ఎంత దగ్గర కూర్చున్నా సరే.

బొమ్మ ఎందుకు పాడుగా కనిపిస్తుంది అన్నది ఇంకో ప్రశ్న. పాత కన్సోళ్లు 240 గీతల బొమ్మ పంపుతాయి. 1080 గీతల టీవీ మీద దాన్ని నిండుగా చూపించాలంటే 4.5 రెట్లు చేయాలి. పిక్సెల్‌ను నాలుగున్నర భాగాలు చేయడం కుదరదు. కొన్ని పిక్సెళ్లు నాలుగు గీతలు, కొన్ని ఐదు గీతలు అవుతాయి. బొమ్మ కదిలినప్పుడు అంచులు అలల్లా వణుకుతాయి. ఎమ్యులేటర్లలో ఉండే ఇంటీజర్ స్కేలింగ్ అన్న ఆప్షన్ సరిగ్గా నాలుగు రెట్లు చేసి, 960 గీతల్లో చూపించి, మిగతాది నల్లగా వదిలేస్తుంది. 4కే టీవీలో 2160 గీతలు కాబట్టి సరిగ్గా తొమ్మిది రెట్లు, ఏ గొడవా లేదు.

ఏవీ కేబుల్‌ను హెచ్‌డీఎంఐగా మార్చే చవక డబ్బాలతో మరో చిక్కు. చాలావరకు అవి 240 గీతల సిగ్నల్‌ను 480 గీతల టీవీ ప్రసారమనుకుని, రెండేసి ఫ్రేములను కలిపేస్తాయి. దెబ్బ తిన్న మారియో మిణుకుమిణుకుమంటాడు కదా, ఆ మిణుకు ఒక ఫ్రేమ్ ఉండి ఒక ఫ్రేమ్ లేకుండా చేసేది. రెండూ కలిపితే అతను సగం పారదర్శకమవుతాడు, లేదా పూర్తిగా మాయమవుతాడు. 4:3 బొమ్మను 16:9కి సాగదీసి పాత్రలను లావు చేయడం వీటి మరో అలవాటు.

ఇంతకీ స్పష్టంగా ఉండటమే మంచిదా? 1991 నాటి సోనిక్‌లో మొదటి దశలో జలపాతాన్ని నిలువు చారలతో గీశారు. ఏవీ కేబుల్ మసకలో ఆ చారలు కలిసిపోయి, వెనక ఉన్నది కనబడే పల్చటి నీళ్లయ్యేవి. ఇప్పటి తెర మీద అవి చారలే. సీఆర్‌టీ మసకను తిరిగి తెచ్చే షేడర్లు ఎమ్యులేటర్లలో ఉండటానికి కారణం ఇదే. గేమ్ ఫైల్‌లో ఉన్న పిక్సెళ్లే అసలు బొమ్మ అని ఒక వర్గం, టీవీ మీద పడినదే అసలు బొమ్మ అని ఇంకో వర్గం. జలపాతం విషయంలో రెండో వర్గానిది పైచేయి. కానీ పాత గేమ్‌లన్నిటినీ మసకను లెక్కలోకి తీసుకునే గీశారనుకోవడం కూడా అతే.

ఎమ్యులేటర్ చేసేదేమిటి, చేయలేనిదేమిటి

ఫామికామ్ తర్వాత వచ్చిన సూపర్ ఫామికామ్ ప్రాసెసర్ గరిష్ఠ వేగం 3.58 మెగాహెర్ట్జ్. దాన్ని తు.చ. తప్పకుండా అనుకరించాలని పుట్టిన బీఎస్‌నెస్ అనే ఎమ్యులేటర్‌కు, అత్యంత కచ్చితమైన మోడ్‌లో, 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ కావాల్సి వచ్చింది. వందల రెట్లు ఎందుకంటే, పాత యంత్రంలో ప్రాసెసర్, బొమ్మ చిప్, ధ్వని చిప్ అన్నీ ఒకేసారి పనిచేస్తాయి. సాఫ్ట్‌వేర్ మాత్రం ఒక్కో చిప్ పనిని కాసేపు చేస్తూ, వెంటనే ఇంకోదానికి దూకుతూ, అన్నీ ఒకే క్షణంలో జరిగినట్టు నటించాలి. ఈ దూకడాలను తగ్గిస్తే వేగం పెరుగుతుంది, కొన్ని గేమ్‌లు మాత్రం ఎక్కడో తేడా కొడతాయి.

ఎఫ్‌పీజీఏ మార్గం వేరు. అందులో ఉండే చిప్‌కు సొంత రూపం ఉండదు, దాని లోపలి గేట్లను పాత చిప్‌ల మాదిరిగా అమరుస్తారు. పాత యంత్రాలను ఇలా తిరిగి కట్టే మిస్టర్ (MiSTer) అనే ప్రాజెక్టు మొదలైంది డీఈ10 నానో అనే బోర్డు మీద. అన్నీ నిజంగానే ఒకేసారి నడుస్తాయి కాబట్టి ఆలస్యం తక్కువ. ఇది ఎమ్యులేషనే కాదు, అసలు యంత్రమే అని కొందరు అమ్మకందార్లు చెప్పేది మాత్రం అతిశయోక్తి. ఆ అమరికను రాసింది మనిషే. పాత చిప్‌ను అతను ఎంత అర్థం చేసుకున్నాడో అంతే కచ్చితం.

మామూలు ఎమ్యులేటర్ కూడా ఒక విషయంలో పాత యంత్రాన్ని మించగలదు. ఎమ్యులేటర్లను నడిపే రెట్రోఆర్క్ అనే సాఫ్ట్‌వేర్‌లో రన్-అహెడ్ అనే ఆప్షన్ ఉంది. బటన్ నొక్కాక గేమ్ తనంతట తానే ఒక ఫ్రేమ్ ఆగి స్పందించేదైతే, ఎమ్యులేటర్ లోలోపల ఆ ఒక్క ఫ్రేమ్ ముందుకు నడిపి దాని ఫలితాన్ని చూపిస్తుంది. గేమ్ సహజంగా ఆగే ఫ్రేముల కంటే ఎక్కువ పెడితే మాత్రం కదలిక మొదటి ఫ్రేములు ఎగిరిపోయి పాత్రలు గెంతుతున్నట్టు కనిపిస్తాయి.

చైనా నుంచి వచ్చే ఆన్‌బెర్నిక్, మియూ లాంటి చేతిలో పట్టే యంత్రాలన్నీ లోపల ఎమ్యులేటర్లే. వాటితో ఎక్కువగా ఎదురయ్యే నష్టాలు రెండు. పెట్టెతో వచ్చే ఊరూపేరూ లేని మెమరీ కార్డు త్వరగా పాడవడం ఒకటి. సేవ్ స్టేట్‌ను మాత్రమే నమ్ముకోవడం రెండోది. సేవ్ స్టేట్ అంటే ఆ క్షణాన ఎమ్యులేటర్ మెమరీ మొత్తాన్ని తీసిన ఫొటో. ఎమ్యులేటర్ వెర్షన్ మారితే అది తెరుచుకోకపోవచ్చు. గేమ్ లోపలి మెనూలో చేసిన సేవ్ అలా కాదు, అది వేరే ఎమ్యులేటర్‌లో కూడా చాలావరకు పనిచేస్తుంది. అసలు క్యాసెట్లలో సేవ్‌ను కాపాడేది చిన్న బిళ్ల బ్యాటరీ. పోకెమాన్ గోల్డ్, సిల్వర్‌లలో గడియారం కూడా దాని మీదే నడుస్తుంది కాబట్టి అవి ముందే ఆరిపోతాయి. బ్యాటరీ తీసిన క్షణంలో సేవ్ పోతుంది. ముందుగా కంప్యూటర్‌లోకి కాపీ చేసుకున్నవాళ్లకే అది మిగులుతుంది.

ఏది చట్టబద్ధం

ఎమ్యులేటర్ తయారుచేయడం వేరు, గేమ్ కాపీ దింపుకోవడం వేరు. ప్లేస్టేషన్‌ను అనుకరించిన కనెక్టిక్స్ మీద సోనీ వేసిన కేసులో 2000లో అమెరికా అప్పీలు కోర్టు కనెక్టిక్స్ వైపే తీర్పిచ్చింది. యంత్రం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి మధ్యలో చేసిన కాపీలు తప్పు కాదంది. 2024లో తన కన్సోల్ స్విచ్‌ను అనుకరించే యుజు అనే ఎమ్యులేటర్ మీద నింటెండో వేసిన కేసు కోర్టులో తేలకముందే రాజీతో ముగిసింది. తయారీదార్లు 24 లక్షల డాలర్లు కట్టి, ప్రాజెక్టు మూసేశారు. అక్కడ నింటెండో పట్టుకున్న కొస గేమ్‌ల మీది తాళాన్ని విప్పే కీలు. పాత క్యాసెట్లకు ఆ తాళం లేదు. అదే సంవత్సరం ఏప్రిల్ నుంచి ఆపిల్ తన యాప్ స్టోర్‌లోకి రెట్రో ఎమ్యులేటర్లను అనుమతించింది.

మన కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 52(1)(ఏఏ) ప్రకారం, కంప్యూటర్ ప్రోగ్రామ్ కాపీని న్యాయంగా కలిగి ఉన్నవాళ్లు అది పోకుండా, చెడకుండా రక్షణగా బ్యాకప్ చేసుకోవచ్చు. మీ దగ్గరున్న దానికే అది వర్తిస్తుంది, వేరొకరు పెట్టిన ఫైలు దింపుకోవడానికి కాదు. తాళాలు విప్పడం గురించి 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 65ఏ వేరే ఉంది. "24 గంటల్లో డిలీట్ చేస్తే పర్వాలేదు" అన్న మాట ఏ చట్టంలోనూ లేదు. గేమ్ అమ్మకం ఆగిపోయినంత మాత్రాన కాపీరైటూ పోదు.

అమ్మకం ఆగిపోయినవే ఎక్కువ. అమెరికాలో విడుదలైన పాత గేమ్‌లలో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. పరిశోధకులు లైబ్రరీల నుంచి వాటిని దూరం నుంచే తెరిచి చూసుకునేలా మినహాయింపు ఇవ్వాలని అడిగితే, 2024 అక్టోబర్‌లో అమెరికా కాపీరైట్ ఆఫీసు ఒప్పుకోలేదు. పాత గేమ్‌లను మళ్లీ అమ్ముకునే మార్కెట్‌కు అది గండి కొడుతుందన్నది పరిశ్రమ వాదన. రీమాస్టర్లు అమ్ముడవుతున్న తీరు చూస్తే ఆ మార్కెట్ ఉన్నమాట నిజమే. అయితే అది పేరున్న గేమ్‌లకే. హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ చేసిన హనుమాన్: బాయ్ వారియర్‌ను 2009లో సోనీ పీఎస్2 మీద విడుదల చేసింది. పూర్తిగా మన దేశంలో తయారైన తొలి కన్సోల్ గేమ్‌గా దానికి పేరు. ఆ డిస్కును పీఎస్4 కానీ పీఎస్5 కానీ చదవలేదు. దానికి రీమాస్టర్ చేసేవాళ్లెవరు?

పాత వేషంలో కొత్తవి

సిల్క్‌సాంగ్ తరహా గేమ్‌లు పాత యంత్రాలను అనుకరించవు, పాత లెక్కల ఆలోచనను మాత్రం తీసుకుంటాయి. తేడా స్పష్టంగా కనిపించేది 2014 నాటి షవల్ నైట్‌లో. ఫామికామ్ ఒక అడ్డగీత మీద ఎనిమిది కదిలే బొమ్మ ముక్కలకు మించి చూపించలేదు. తొమ్మిదోది వస్తే మిణుకుతుంది. షవల్ నైట్ ఆ కాలపు రంగులను, సంగీతాన్ని దాదాపు అలాగే తీసుకుని, మిణుకును వదిలేసింది, తెరను వెడల్పు చేసింది. 2024లో వచ్చిన యూఎఫ్ఓ 50 ఇంకో అడుగు వేసి, ఎన్నడూ లేని ఓ 1980ల కంపెనీ చేసినట్టుగా 50 చిన్న గేమ్‌లను ఒకే పెట్టెలో పెట్టింది. 40 కిలోబైట్ల బిగుతు ఇప్పుడు ఎవరికీ లేదు. ఎంత బిగించుకోవాలో తయారుచేసేవాళ్ల ఇష్టం.

సర్వర్ ఆపేస్తే ఏ పొరా మిగలదు

ఇప్పటివరకు చెప్పిన గేమ్‌లన్నిటిలో లెక్కల పొర ఆటగాడి దగ్గరే ఉంది, క్యాసెట్‌లోనో డిస్కులోనో. ఆన్‌లైన్ గేమ్‌లలో అది కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. యూబీసాఫ్ట్ 2014లో అమ్మిన ది క్రూ అనే కార్ల గేమ్ సర్వర్లను 2024 మార్చి 31న ఆపేసింది. ఒంటరిగా ఆడుకునే భాగం కూడా సర్వర్ మీదే ఆధారపడటంతో కొన్నవాళ్లకు ఏమీ మిగల్లేదు. దాని మీద మొదలైన స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమానికి 2025 జూలైలో యూరోపియన్ యూనియన్‌లో 10 లక్షల సంతకాలు దాటాయి. సర్వర్లు కలకాలం నడపమని వాళ్లు అడగడం లేదు. ఆపేసేటప్పుడు ఆడుకోగలిగే స్థితిలో వదిలేయమంటున్నారు. సర్వర్ భాగంలో వేరేవాళ్ల లైసెన్సులు కలిసి ఉంటాయని, ప్రైవేటు సర్వర్లలో జరిగే వాటికి తాము బాధ్యులం కాలేమని, మొదటి నుంచీ ఆన్‌లైన్ కోసం కట్టిన గేమ్‌ను విడదీయడం ఖర్చుతో కూడిన పని అని పరిశ్రమ సంఘం వీడియో గేమ్స్ యూరప్ జవాబు. ఇందులో మూడోది పాత గేమ్‌లకు నిజంగానే పెద్ద అడ్డంకి. ఇకమీదట మొదలుపెట్టే గేమ్‌లకు డిజైన్‌లోనే చోటు పెట్టుకుంటే అంత భారం కాదు. యూబీసాఫ్టే ఆ తర్వాత ది క్రూ 2కు ఆఫ్‌లైన్‌లో ఆడుకునే మోడ్ జోడించింది. మొదటి ది క్రూకు అది రాలేదు.